గారపూల మీద సిమెంటు వద్దు

మద్రాసు సెంట్రల్‌లో రైలు దిగి బయటికొస్తే పక్కనే తెల్లగా రిప్పన్ బిల్డింగ్. 1913లో ప్రారంభమైన నగరపాలక కార్యాలయం అది. ఇటుక గోడలు, సున్నపు గార (సున్నం, ఇసుక కలిపిన పూత), టేకు దూలాలు. 1953 దాకా నెల్లూరు, ఒంగోలు కూడా మద్రాసు రాష్ట్రంలోవే. ఈ ఊళ్లలోని ఆ కాలపు ప్రభుత్వ కచేరీ భవనాల్లోనూ అదే తరహా గారపని చిన్న కొలతల్లో కనిపిస్తుంది. చూరు కింద మెట్లుమెట్లుగా దిగే పట్టీలు, కమాను నెత్తిన పూలు, స్తంభాల తలల మీద ఆకులు.

ఆ పట్టీలు అందానికే కాదు. ముందుకు పొడుచుకొచ్చిన అంచు వాన నీటిని గోడకు తగలకుండా బయటికి జారుస్తుంది. అంచు విరిగితే కార్తీక వానల నీరు గోడ పట్టుకుని దిగి, కింది పూలన్నిటినీ వదులు చేస్తుంది. కాబట్టి మరమ్మతు పైనుంచే మొదలుపెట్టాలి. చెక్క సుత్తితో తట్టి చూడండి. డొల్ల శబ్దం వచ్చిన మేర సుద్దతో గీసి, అంతవరకే తీయాలి. అంచులో రావి మొక్క ఉంటే పైన నరికితే చాలదు, వేరు తీయాల్సిందే. లోపలి ఇనుప మేకులు తుప్పుపట్టి ఉబ్బి గారను పగలగొడతాయి, అవీ తీసేయాలి.

పగులు కనిపించగానే సిమెంటు పూయడమే అసలు ప్రమాదం. సున్నపు గోడ పీల్చిన తేమను గార ద్వారా వదులుతుంది. సిమెంటు ఆ దారి మూసేస్తుంది. తేమ, దాంతోపాటు ఉప్పు వెనకే చేరి, మెత్తటి పాత ఇటుకను పొడి చేస్తాయి. చివరికి సిమెంటు పెచ్చు పాత పువ్వునూ లాక్కుని ఊడిపడుతుంది.

అందుకే మరమ్మతుకూ సున్నపు గారే వాడాలి. దానికి కాల్చిన సున్నపు గడ్డల్ని నీళ్లలో వేయాలి. గడ్డల మీద నీళ్లు పోస్తే చిమ్ముతుంది, కళ్లు జాగ్రత్త. కనీసం రెండు వారాలు నాననిచ్చి వడగట్టాలి. నానని పలుకు మిగిలితే తర్వాత గోడలో ఉబ్బి గుంట పడుతుంది. అడుగుపూతకు ఒక పాలు సున్నం, మూడు పాళ్లు జల్లించిన ఏటి ఇసుక. సముద్రపు ఇసుకలో ఉప్పుంటుంది, వద్దు. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కొద్దిగానే కలపాలి. బెల్లం ఎక్కువైతే గట్టిపడటం ఆలస్యమవుతుంది. పైపూతకు తెల్లగా, మెత్తగా ఉండే గుల్ల సున్నం (గుల్లలు కాల్చి చేసేది) బాగుంటుంది.

పట్టీ ఆకారాన్ని చేత్తో దిద్దకూడదు. చెడని చోట కొలత తీసి, రేకును అదే వంపులో కత్తిరించి చెక్కకు బిగించి, పచ్చి గార మీద లాగాలి. ఒక్కో పూత అర అంగుళం మించొద్దు, మందమైతే బీటలిస్తుంది. సున్నం గాలి పీల్చుకుని నెమ్మదిగా గట్టిపడుతుంది గనుక తడి గోనెపట్టా కప్పి ఉంచాలి. రోహిణి ఎండల్లో ఈ పని పెట్టుకోవద్దు. సంక్రాంతికీ శివరాత్రికీ మధ్య రోజులు అనువైనవి. ఆఖర్న సున్నపు వెల్లే వేయాలి. ప్లాస్టిక్ రంగు వేస్తే సిమెంటు మూసినట్టే అదీ తేమ దారి మూసేస్తుంది.