శ్రీకాళహస్తికి పోతే ఒక పూట కలంకారీకి ఉంచుకోండి

తిరుపతి బస్టాండులో కాళహస్తి బస్సు కోసం పెద్దగా ఎదురుచూడాల్సిన పని ఉండదు. దూరం 40 కిలోమీటర్ల లోపే, గంట పైచిలుకు ప్రయాణం. తిరుమల కూడా చూసే ఆలోచన ఉంటే దాన్ని ముందు ముగించుకోండి. కాళహస్తిలో దర్శనమయ్యాక ఇంకో గుడికి పోకుండా నేరుగా ఇల్లు చేరాలన్నది ఇక్కడి ఆచారం. మీకు పట్టింపు లేకపోయినా వెంట వచ్చిన పెద్దవాళ్లకు ఉంటుంది, పేచీ అక్కడే మొదలవుతుంది.

రాహుకేతు పూజకు వచ్చేవాళ్లు ఎక్కువమంది రాహుకాలం చూసుకునే వస్తారు. ఆదివారం సాయంత్రం 4:30 నుంచి 6, సోమవారం పొద్దున 7:30 నుంచి 9, మంగళవారం మధ్యాహ్నం 3 నుంచి 4:30. మీకు దర్శనం ఒక్కటే చాలనుకుంటే ఆ గంటన్నరా, దానికి కాస్త ముందూ వెనకా వదిలేయండి. గ్రహణం రోజు మిగతా గుళ్లు మూసినా ఇది తెరిచే ఉంటుంది, కాబట్టి ఆ రోజు జనం సంగతి చెప్పక్కర్లేదు.

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గాలిగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడు కనిపించేది తర్వాత కట్టింది. పాతాళ గణపతి దగ్గరికి దిగే మెట్లు బాగా ఇరుకు. మోకాళ్ల నొప్పులు, ఆయాసం ఉన్నవాళ్లు పైనుంచే దండం పెట్టుకోవడం మేలు. కన్నప్ప కొండ ఎక్కాలంటే పొద్దున 8 లోపే, ఎండెక్కాక రాయి మీద కాలు పెట్టలేం.

టిఫిను పొద్దున్నే తినేయాలి. పొద్దెక్కే కొద్దీ చట్నీ పలచబడుతుంది, అది ఏ ఊళ్లోనైనా అంతే. మధ్యాహ్నానికి సంగటి, ఊరిబిండి దొరికే చోటు ఎక్కడని ఆటో అతన్ని అడగండి, బోర్డులు చూసి పోవద్దు.

ఇక కలంకారీ, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే పని. గుడి చుట్టూ అంగళ్లలో ఆ పేరుతో అమ్మేదంతా చేత్తో గీసింది కాదు, చాలావరకు స్క్రీన్ ప్రింటు. తేడా పట్టాలంటే పని ఎలా జరుగుతుందో కొంచెం తెలియాలి. గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన ఎనుము పాలలో నానబెట్టి ఆరేస్తారు. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వదు, అది సరిగా పట్టకపోతే గీత అంచులు చెదిరిపోతాయి. నల్లరంగు పేరు కసిమి. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడతారు. వెదురు పుల్లకు ఉన్ని చుట్టి, దారంతో బిగించిన కలాన్ని అందులో ముంచి గీస్తారు. గీసేటప్పుడు గీత పాలిపోయి ఉంటుంది, గుడ్డలోని కరక్కాయ తగలగానే చూస్తుండగానే నల్లబడుతుంది. ఎర్రరంగు రావాల్సిన చోట ముందు పటిక నీళ్లు పూస్తారు. తర్వాత గుడ్డను రంగునీళ్లలో ఉడికిస్తే పటిక ఉన్న చోటే ఎరుపు నిలుస్తుంది.

కాబట్టి కొనేముందు నల్లగీతను దగ్గరగా చూడండి. చేతి గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. కలం మళ్లీ ముంచిన చోట కాస్త చిక్కబడుతుంది. ఒకే చీరలో ఒకే నెమలి రెండుచోట్ల ఉంటే ఆ రెండింటినీ పోల్చండి. కన్ను, ముక్కు, ఈకల లెక్క అచ్చుగుద్దినట్టుంటే అది ప్రింటే. గుడ్డ తిరగేస్తే ప్రింటులో వెనక వెలవెలబోతుంది, చేతిపనిలో రంగు లోపలికి దిగి ఉంటుంది. కొత్త గుడ్డకు పాల వాసన కూడా ఉంటుంది, దాన్ని చూసి పాతదేమో అనుకోకండి. మచిలీపట్నం వైపు చెక్క అచ్చులతో అద్దేది వేరే పద్ధతి. అదీ మంచి పనే, కానీ చేతి గీత ధర పెట్టి కొనకూడదు.

వీలైతే అంగట్లో కాకుండా గీసేవాళ్ల ఇంటికే పోండి. నాలుగు అడుగుల బొమ్మకు ఎన్ని రోజులు పట్టిందో అడిగి, తర్వాత బేరం మొదలుపెట్టండి. ఉతికేటప్పుడు విడిగా, చల్లటి నీళ్లలో, కుంకుడు రసంతో ఉతికి నీడలో ఆరేయాలి. మరక పోతుందని నిమ్మకాయ మాత్రం రుద్దకండి, మరక కంటే ముందు నల్లగీత పోతుంది.