గూడూరు దాటాక ఆగిన బస్సు

సూళ్ళూరుపేట వైపు ఉన్న నేలపట్టు పక్షుల రక్షిత కేంద్రం గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ ఆ రోజును తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది గూడూరు దాటాక రోడ్డు పక్కన ఆగిపోయిన బస్సే. పక్షుల దగ్గరికి ఎలాగూ వస్తాను, ముందు బస్సు సంగతి చెప్పనివ్వండి.

2020 ఫిబ్రవరి, ఒక ఆదివారం. అప్పటికి నేలపట్టు, సూళ్ళూరుపేట, పులికాట్ అవతలి శ్రీహరికోట అన్నీ నెల్లూరు జిల్లాలోనే ఉండేవి. తెల్లవారుజామున ఒంగోల్లో బయల్దేరి నెల్లూరులో దిగి, బస్టాండు దగ్గర నెయ్యి కారం దోశ తిన్నాను. దోశకు వంక పెట్టలేను. రేటుకు మాత్రం ప్రాణం ఉసూరుమంది. ఆ డబ్బుకి మా ఒంగోల్లో దోశ తిని, కాఫీ తాగి, ఇంకో ఇడ్లీ ప్లేటు పార్సిల్ కట్టించుకోవచ్చు. అదే చిరాకుతో నాయుడుపేట మీదుగా పోయే బస్సెక్కాను. ప్యాసింజరు రైల్లో పోతే నేలపట్టు పక్కనే ఉన్న దొరవారిసత్రంలోనే దిగొచ్చని చాలామంది చెప్పారు. ఆ రైలు టైముకి నేను నెల్లూరు చేరలేదు. చేరకపోవడమే నా అదృష్టం అని ఇప్పుడు అనిపిస్తుంది.

బస్సులో టీవీ. ఏదో సినిమాలో ఫైటింగు, సౌండు మొత్తం పెంచేశారు. నా పక్క సీట్లో అరవై దాటిన ఒక పెద్దాయన. తెల్ల పంచె, నుదుట విభూతి, ఒళ్ళో అడ్డంగా గుడ్డ సంచిలో చుట్టిన పొడుగాటి వస్తువు. గూడూరు దాటి కాసేపు పోయామో లేదో వెనక టైరు ఢామ్మంది. బస్సు ఒరిగినట్టయి, నిదానంగా వెళ్ళి ఓ వేపచెట్టు పక్కన ఆగింది. ఇంజను ఆపారు, టీవీ ఆగింది. స్టెపినీ ఉంది గానీ జాకీ సరిగ్గా పని చేయడం లేదని తెలిసింది. సగం మంది కిందికి దిగి డ్రైవరుకు సలహాలు మొదలుపెట్టారు. పొద్దుటి చిరాకు మీద ఇది ఇంకొకటి. ఎండెక్కితే పక్షులు కనపడవేమోనని టెన్షన్ పట్టుకుంది.

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఫోన్లో పాటలు వెతుకుతుంటే, మూణ్ణెల్లుగా ముట్టుకోని ఒక ఫోల్డర్ కనపడింది. మా ఆఫీసులో ఒక సీనియర్ ఎక్కించి ఇచ్చాడు. “క్యామెల్ అని ఇంగ్లండు బ్యాండు. ప్రోగ్రెసివ్ రాక్. ఇందులో పాటలు విడివిడిగా వినకు, మొదటి నుంచి చివరి దాకా ఒక్క ఊపులో విను” అన్నాడు. నేను సరేనని పక్కన పెట్టేశాను.

ఎందుకు పక్కన పెట్టానో కూడా చెప్పాలి. నేను పొదిలిలో పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇంజినీరింగు హాస్టల్లో రూమ్మేట్లు రాత్రిళ్ళు ఇంగ్లీషు రాక్ పెట్టుకుని, ప్రతి మాటా నోటికొచ్చినట్టు కలిపి పాడేవాళ్ళు. నాకు గిటారు నచ్చేది, డ్రమ్స్ నచ్చేవి. కానీ మాట ఒక్కటీ పట్టుబడేది కాదు. పెళ్ళి భోజనాల దగ్గర పిలుపు లేకుండా నిలబడ్డట్టు ఉండేది. ఆ సంగీతం నాది కాదని అప్పుడే తీర్మానించుకున్నాను. ఎనిమిదేళ్ళు అలాగే ఉన్నాను.

ఆగిపోయిన బస్సులో ఇంకేం పని లేక ఆ ఫోల్డర్ నొక్కాను. ముందు ఏమీ వినపడనంత మెల్లగా మొదలైంది. మంచు పట్టిన చెరువు మీద వెలుగు వచ్చినట్టు కొంచెం కొంచెంగా పెరిగింది. ఆ వెంటనే ఒక వేణువు. ఎంత చక్కటి వరసో! రెండోసారి వచ్చేసరికి నాకు నోటికి వచ్చేసింది. పాడేవాడు ఇప్పుడు గొంతెత్తుతాడు, ఇప్పుడెత్తుతాడు అని ఎదురుచూశాను. ఎవరూ గొంతెత్తలేదు. మూడో పాటలో డ్రమ్స్, ఆర్గాన్ ఊపందుకున్నాక కూడా ఒక్క మాట లేదు. ఏమీ అర్థం చేసుకోనక్కర్లేదని తెలిసిన ఆ క్షణంలో, ఎప్పటి నుంచో బిగబట్టుకున్న ఊపిరి వదిలినట్టయింది.

నా వేళ్ళు మోకాలి మీద తాళం వేస్తున్నాయని పెద్దాయన చూసినట్టున్నాడు.

“ఏంది అబ్బయ్యా, అంత ఇదిగా వింటుండావు?” అన్నాడు.

“ఇంగ్లీషు వాళ్ళ సంగీతం పెద్దాయనా. మాటల్లేవు, ఒట్టి వాయిద్యాలే” అన్నాను.

“మాకు మాత్రం మాటలు యాడుండాయి?” అని ఒళ్ళో సంచి తట్టాడు. సన్నాయి. నాయుడుపేటలో సాయంత్రం పెళ్ళి మేళానికి పోతున్నాడట. మిగతా వాళ్ళు డోలు, శ్రుతిపెట్టె తీసుకుని వెనక వస్తున్నారట. చిన్నప్పుడు వాళ్ళ నాయన దగ్గర నేర్చుకున్నానన్నాడు. ఒక ఇయర్‌ఫోన్ తుడిచి ఆయనకిచ్చాను. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను.

ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆయన రాక్ సంగీతం అన్న మాటే విని ఉండడు. వేణువు మొదలవగానే కళ్ళు మూసుకున్నాడు. ఒళ్ళో ఉన్న సంచి మీద, సన్నాయి రంధ్రాలు ఉండే చోట, వేళ్ళు వాటంతటవే మూస్తూ తెరుస్తూ పోయాయి. చూపుడువేలు గోరు కింద చర్మం రాయిలా గట్టిపడి నున్నగా మెరుస్తోంది. డ్రమ్స్ గట్టిగా పడ్డ చోట ఒకసారి మొహం చిట్లించాడు గానీ, ఇయర్‌ఫోన్ తీయలేదు. ఎలక్ట్రిక్ గిటారు ఒక్కో స్వరాన్నీ సాగదీస్తూ వాయించే ఆరో పాట దగ్గర “ఇది గమకం తెలిసినోడి చెయ్యి” అన్నాడు.

ఇరవై నిమిషాలు గడిచాక, తొమ్మిదో పాటలో, ఉన్నట్టుండి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఇందాకటిదే ఇది. మొదుట్లో వేణువు మీద వచ్చిందే. అప్పుడు హుషారుగా వాయించినాడు, ఇప్పుడు ఒంటరోడు వాయించినట్టు వాయిస్తుండాడు. వరస అదే, మనిషికి ఏందో అయింది.”

నేను గమనించనే లేదు. వెనక్కి జరిపి మళ్ళీ విన్నాను. నిజమే, అదే వరస, నడక తగ్గింది. ఆ పాట పేరు తర్వాత చూసుకున్నాను. మొదట వేణువు మోగిన రెండో పాట పేరు ‘రయాడర్’. ఇది ‘రయాడర్ అలోన్’. ఒంటరి రయాడర్. పేరు చూడకుండా, భాష తెలియకుండా, రయాడర్ ఎవరో తెలియకుండా ఆయన పట్టేసిన సంగతి అది.

ఇంటికొచ్చాక ఆ సీనియర్‌ని కూర్చోబెట్టి అన్నీ అడిగాను, దొరికింది దొరికినట్టు చదివాను. ఆ ఆల్బమ్ ‘ది స్నో గూస్’, 1975లో వచ్చింది. క్యామెల్ బ్యాండుకి మూడోది, నాకు మొదటిది. మొత్తం 16 పాటలు, సుమారు 43 నిమిషాలు. గిటారూ ఫ్లూటూ రెండూ వాయించింది ఆండ్రూ లాటిమర్. కీబోర్డులు పీటర్ బార్డెన్స్, డ్రమ్స్ ఆండీ వార్డ్, బేస్ డగ్ ఫెర్గూసన్. పాల్ గాలికో రాసిన చిన్న నవల దీనికి ఆధారం. ఇంగ్లండులో ఎసెక్స్ తీరాన చిత్తడి నేలలు. అక్కడ పాడుబడ్డ లైట్‌హౌస్‌లో గూని ఉన్న ఒక చిత్రకారుడు పక్షులను సాకుతూ ఒంటరిగా బతుకుతుంటాడు. అతనే రయాడర్. ఫ్రితా అనే చిన్నపిల్ల తుపాకి దెబ్బ తగిలిన తెల్ల బాతును చేతుల్లో పెట్టుకుని అతని దగ్గరికి వస్తుంది. 1940లో డన్‌కర్క్ తీరంలో చిక్కుకున్న సైనికులను పడవలో దాటించడానికి పోయి అతను చనిపోతాడు. బాతు ఒక్కటే వెనక్కి వస్తుంది. మొదట ఈ పాటలకు మాటలు కూడా పెడదామనుకున్నారట. రచయిత ఒప్పుకోకపోవడంతో మాటలు మానేసి, ఆ కథ ప్రేరణతో చేసిన సంగీతం అని మాత్రం పేరులో పెట్టుకున్నారు. ఆయన ఒప్పుకుని ఉంటే నేను మళ్ళీ మాటల గోడ అవతలే నిలబడి ఉండేవాడిని. ఆ కాదన్న మాటకు నేను మనస్ఫూర్తిగా రుణపడి ఉన్నాను.

ఆ రోజు బస్సులో ఇవేవీ తెలియవు. టైరు మార్చారు, బస్సు కదిలింది. టీవీ మళ్ళీ పెట్టబోతే పెద్దాయన లేచి “వద్దు నాయనా, కాసేపు ఉండనీ” అన్నాడు. ఆ గొంతులో ఏముందో, కండక్టరు మారుమాట్లాడకుండా వదిలేశాడు. పన్నెండో పాట నడుస్తోంది. యుద్ధానికి పోతున్న నడకలా డ్రమ్స్, వాద్యాలన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. అంతలో నాయుడుపేట వచ్చేసింది.

ఆయన ఇయర్‌ఫోన్ తీసి నా అరచేతిలో పెట్టాడు. “ఇంకా ఎంతుండాది?” అన్నాడు. నాలుగు పాటలని చెప్పాను.

“చివరికి మొదలైన కాడికే వస్తాది చూడు. ఇంత కట్టుబడిగా కట్టినోడు ఊరికే ఆపడు. కచ్చేరీ అయినాక మేం మంగళం ఎట్టా పాడతామో, అట్టనే వీడూ యాడికో వచ్చి ఆపాల.”

సంచి భుజాన వేసుకుని దిగిపోయాడు. పేరడగలేదు, ఫోన్ నంబరడగలేదు. పాట ఆపేశాను. బస్సు గోలలో మిగతాది వినబుద్ధి కాలేదు.

దొరవారిసత్రం దగ్గర దిగాను. అక్కడి నుంచి ఆటో. రెండు కిలోమీటర్ల చిల్లర దారికి పోనూ రానూ 300 అన్నాడు. వాదించాను, వెయిటింగు అన్నాడు, చివరికి 250కి తెగింది. ఇంకో రోజైతే ఈ 250 మీద ఒక పేజీ రాసేవాణ్ణి. ఆ రోజు నా ధ్యాస దాని మీద లేదు.

నేలపట్టు పెద్ద ప్రదేశమేమీ కాదు, నాలుగున్నర చదరపు కిలోమీటర్లు. 1976 నుంచి రక్షిత కేంద్రం. చెరువు కట్ట మీద నడుస్తుంటే ముందు తగిలేది నీచు వాసన, తర్వాత చప్పుడు. నీళ్ళలో మొదలు దాకా మునిగిన కడప చెట్లు, వాటి నిండా రెట్ట పడి సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నాయి. ప్రతి కొమ్మ మీదా గూడబాతులు (పెలికాన్లు), వాటి సందుల్లో నత్తగుల్ల కొంగలు, నీటికాకులు. రెట్ట కలిసిన ఈ చెరువు నీళ్ళు పారితే పైరుకు వేరే ఎరువు పెద్దగా అక్కర్లేదని, అందుకే తాతల కాలం నుంచీ పక్షుల జోలికి ఎవర్నీ పోనివ్వమని కట్ట మీద ఒక రైతు చెప్పాడు. మా పొదిలి వైపు చెరువులో నీళ్ళు నిలిస్తేనే అదొక వార్త. ఇక్కడ నీళ్ళూ పిట్టలూ పైరూ ఒకదానికొకటి అన్నం పెట్టుకుంటున్నాయి. కుళ్ళుకున్నానని చెప్పడానికి నాకేం మొహమాటం లేదు.

వాచ్‌టవర్ ఎక్కాను. అక్కడ కుర్రాడొకడు తన బైనాక్యులర్స్ రెండు నిమిషాలిచ్చాడు. ఒక గూట్లో పిల్ల, ఒళ్ళంతా తెల్లటి దూదిలాంటి నూగు. తల్లి వచ్చి వాలి నోరు తెరిచింది. ముక్కు కింద సంచి వదులుగా వేలాడింది. పిల్ల మెడ దాకా తల అందులోకి దూర్చేసింది. ఊపిరాడక చచ్చిపోతుందేమోనని భయమేసింది. తల్లి మెడ పెనుగులాడుతున్నట్టు ఊగింది, పిల్ల రెక్కలు కొట్టుకుంది. అరనిమిషం తర్వాత తల బయటికి తీసి, ముక్కుకు అంటిన చేప ముక్కతో ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

బైనాక్యులర్స్ ఇచ్చేసి, ఓ మూల కూర్చుని ఆపిన చోటు నుంచి పాట పెట్టాను. యుద్ధం అయిపోయింది. గంటలు మోగాయి. ఒట్టి పియానో మీద ఎవరో ఒక్కరే మిగిలినట్టు చిన్న వరస. తర్వాత ముందు విన్నవన్నీ ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి, బస్సులో పెద్దాయన వేళ్ళు ఆడించినవి కూడా. ఇక ఒక్క పాటే ఉంది. ఫోన్ తీసి పేరు చూశాను. మొదటి పాటకూ దీనికీ పేరు ఒకటే, ‘ది గ్రేట్ మార్ష్’. అదే నిదానం, నీళ్ళ మీద అదే వెలుగు.

కుడి చెవిలోది తీసేసి, పొద్దున ఆయనకిచ్చినట్టే అరచేతిలో పట్టుకున్నాను. ఆ చెవికి రెక్కల చప్పుడు, ఈ చెవికి పాట. పాట అయిపోయాక కూడా చాలాసేపు అలాగే కూర్చున్నాను. కింద ఆటో అతను హారన్ కొడుతున్నాడు.