47 హెర్ట్జ్‌కి పాడే బీరువా

పదకొండున్నర దాటింది. నిద్ర రావడం లేదు, బీరువా చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది.

రికార్డింగులు మిక్స్ చేసుకునే నా గదిలోకి సబ్‌వూఫర్ (లోతైన బేస్ స్వరాలకే వాడే పెద్ద స్పీకర్) వచ్చి నాలుగు రోజులు. అమ్మ దానికి ‘గుబగుబల డబ్బా’ అని పేరు కూడా పెట్టేసింది. రేపు పొద్దున్నే తిరిగి ఇచ్చేద్దామనే ఇది రాయడం మొదలుపెట్టాను. నా కుర్చీలో బేస్ లేదు. లెవెల్ పెంచితే వెనక మంచం మీద అమ్మకు గుండెదడ. "ఏందిరా అది, బీరువా గుడగుడలాడతా ఉండాది?"

మొదటి రోజంతా హమ్‌తోనే, అంటే స్పీకర్లో ఆగకుండా వచ్చే గుయ్యిమనే గోలతోనే సరిపోయింది. పాత డబ్బాలో దొరికిన ఆర్‌సీఏ వైర్లు (టీవీ, డీవీడీలకు వాడే మామూలువి, హమ్‌ని ఆపలేవు) వాడాను, అది నా బుద్ధితక్కువ. 50 హెర్ట్జ్ (సెకనుకు 50 ఊపులు) కరెంటు హమ్‌ని వినిపించడంలో సబ్‌ని మించింది లేదు. అంగడిలో అడిగితే "ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయండి సార్" అన్నారు! హమ్ పోతుంది, షాక్ కొడితే మనమూ పోతాం. దారిలో చేరే హమ్‌ని రద్దు చేసే బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ కేబుళ్లు నాలుగు తెచ్చాను. ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్ శబ్దాన్ని బయటికిచ్చే పెట్టె) నుంచి సబ్‌కి రెండు, సబ్ నుంచి మానిటర్లకు (మిక్సింగ్ స్పీకర్లకు) రెండు. అన్నిటినీ ఒకే పవర్ స్ట్రిప్ మీద పెట్టాక గది నిశ్శబ్దమైంది. సిగ్నల్ సబ్ లోపల నుంచే పోవాలి, 80 హెర్ట్జ్‌కి కిందది అది ఉంచుకుని పైది మానిటర్లకు పంపుతుంది. వై-కేబుల్‌తో చీలిస్తే 80కి కింద మానిటర్లూ సబ్బూ రెండూ మోగి అక్కడ బుడిపె లేస్తుంది. సబ్ ఎలాగూ 80 దగ్గర కోస్తోంది కాబట్టి మానిటర్ల వెనక లో-కట్ (బేస్ కోసే) స్విచ్ ఫ్లాట్‌లోనే, అంటే కోయకుండా, ఉండాలి. రెండుసార్లు కోస్తే గుంట పడుతుంది.

అసలిది ఎందుకు కొన్నాను? ఒక మే నెలలో తిరుపతి తాతయ్యగుంట గంగజాతరలో డప్పులు, పంబలు రికార్డు చేశాను. ఎండ, దుమ్ము, వేషాలు, జనం మధ్య చేతిలో మైకు. ఇంటికొచ్చి 5 అంగుళాల మానిటర్ల మీద మిక్స్ చేస్తే బ్రహ్మాండం. తమ్ముడి కారులో పెద్ద సబ్ ఉంది, అందులో వేయగానే డోర్లు అదిరిపోయాయి. డప్పు వల్ల కాదు. మైకు మీద కొట్టిన గాలి, నా చెయ్యి కదిలిన దెబ్బలు, అన్నీ 40కి కింద. నా మానిటర్లు 50 దగ్గరే చేతులెత్తేస్తాయి, ఇంక నాకెట్లా వినపడుతుంది? హై-పాస్ (కింది స్వరాలను కోసే ఫిల్టర్) ఒకటి వేస్తే పోయేది. ఏ స్వరం ఎంతుందో గీసి చూపే స్పెక్ట్రమ్ అనలైజర్ తెరిచినా కంటికి కనపడేది. తెరవలేదు. తమ్ముడు ఇప్పటికీ డోర్ మీద దరువేసి చూపిస్తాడు.

ఇక్కడిదాకా రాశాక కాగితం తీసి లెక్క వేశాను. గది పొడవు 12 అడుగులు, అంటే 3.66 మీటర్లు. సెకనుకు 343 మీటర్ల ధ్వని వేగాన్ని దాని రెట్టింపుతో భాగిస్తే 47 హెర్ట్జ్, ఈ గది తనంతట తానే మోగే స్వరం. ఆ స్వరం రెండు చివరి గోడల దగ్గర ఉబ్బుతుంది, సరిగ్గా మధ్యలో, 6 అడుగుల దగ్గర, మాయమవుతుంది. నా కుర్చీ ఎక్కడుంది? 6 అడుగుల దగ్గర. అమ్మ మంచం, బీరువా ఎక్కడున్నాయి? వెనక గోడకు ఆనుకుని. నాకు వినపడనిదంతా వాళ్లకు పోతోంది. ఈక్యూలో (ఒక్కో స్వరాన్నీ పెంచి తగ్గించే చోట) 47ని పెంచినా లాభం లేదు. సబ్ నుంచి నేరుగా వచ్చేదీ గోడకు తగిలి తిరిగొచ్చేదీ కలిసే పెరుగుతాయి, మధ్యలో అట్లే చంపుకుంటాయి.

సబ్ తప్పేమీ లేదు. ఇచ్చే మాట మానుకున్నాను.

కుర్చీని ముందు గోడకు నాలుగున్నర అడుగుల దగ్గరికి జరిపాను. సబ్‌ని ఆ కుర్చీ మీద పెట్టి, బేస్ లూప్ వేసి, ముందు గోడ వెంబడి మోకాళ్ల మీద పాకుతూ ఏ స్వరమూ ఎగరకుండా, పడిపోకుండా వినపడే చోటు వెతికాను. అమ్మ తలుపు దగ్గర నిలబడి, "మోకాళ్ల పర్వతం మొక్కు ఇంట్లోనే తీర్చుకుంటా ఉండావా?" అంది. మధ్యకు కొంచెం ఎడమగా దొరికింది. సబ్ అక్కడికి మార్చి 80 హెర్ట్జ్ టోన్ వేసి, ఫేజ్ స్విచ్ (సబ్ అలని తలకిందులు చేసేది) 0, 180 మార్చమని అమ్మనే అడిగాను. కుర్చీలో ఏది గట్టిగా వినపడితే అదే సరైంది, 180 నిలిచింది. లెవెల్ మాత్రం చెవితో కాదు. శబ్దం కొలిచే మీటరు సీ-వెయిటింగ్ (బేస్‌ని పెద్దగా తగ్గించకుండా కొలిచే పద్ధతి), స్లో మీద, పింక్ నాయిస్‌కి (అన్ని స్వరాలూ కలిసిన హోరుకి) ఒక్కో మానిటర్ 76 డీబీ, తర్వాత సబ్. ఫోను యాప్‌తో చూస్తే బేస్ తక్కువ చూపించి మోసం చేస్తుంది. నాలుగు రోజులుగా నేను పెట్టింది ఎంత ఎక్కువో అప్పుడు తెలిసింది.

ఇక బీరువా. రాక్‌వూల్ (రాతి నార) నింపిన 4 అంగుళాల బేస్ ట్రాప్, అంటే బేస్‌ని పీల్చే పలక, ఆ వెనక మూలలోనే నిలబెట్టాలి. తూర్పుముఖంగా కూర్చున్నానని ఇన్నాళ్లూ మురిసిపోయిన అమ్మకు అది నైరుతి. "నైరుతిలో బీరువా కదిలిస్తే లక్ష్మి నిలస్తాదా?" వాస్తు శాస్త్రంతో ఎకౌస్టిక్స్ శాస్త్రం వాదించలేదు, నేనూ వాదించలేదు. తలుపు సందులో పాత పేపరు నాలుగు మడతలు పెట్టాను. తలుపు నోరు మూసింది. పిడి మాత్రం ఇంకా కిణకిణమంటోంది, దానికి రేపు రబ్బరు ముక్క వెతకాలి.