ఊకొట్టడం మాని అడగడం నేర్చుకున్నాను

గుంటూరులో ఎండుమిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థలో చేరేనాటికి ఇంగ్లీషులో ఈమెయిల్ రాయడం నాకు కష్టంగా ఉండేది కాదు. భయమంతా ఫోన్‌తోనే. అవతలివారు మాట్లాడుతుండగా ఆపి అడగడం అమర్యాద అవుతుందనీ, అడిగితే ఈమెకు ఇంగ్లీషు రాదనుకుంటారనీ సంకోచించి, ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుంటే ఊకొట్టినట్టే "యెస్, యెస్" అంటూ ఉండేదాన్ని.

ఆ అలవాటే ఇబ్బంది తెచ్చింది. హాంబర్గ్ నుంచి ఒక కొనుగోలుదారు, తొడిమ తీసిన తేజ రకం శాంపిల్‌తో పాటు అఫ్లటాక్సిన్ (బూజు నుంచి పుట్టే విషపదార్థం) పరీక్ష రిపోర్టును శుక్రవారంలోగా పంపగలరా అని అడిగారు. యూరోపియన్ యూనియన్ నిబంధనల ప్రకారం ఎండుమిర్చిలో అఫ్లటాక్సిన్ బి1 కిలోకు 5 మైక్రోగ్రాములను, మొత్తం అఫ్లటాక్సిన్లు 10 మైక్రోగ్రాములను మించకూడదు కాబట్టి, ఆ రిపోర్టు చూడనిదే వారు బేరానికి రారు. నేను "యెస్" అన్నది వింటున్నానన్న అర్థంలో. వారు దానిని ఒప్పుకోలుగా రాసుకున్నారు. శాంపిల్ అప్పటికింకా ల్యాబ్‌కే వెళ్లలేదు. శనివారం వచ్చిన ఈమెయిల్‌లో ఇచ్చిన మాట ఏమైందని అడిగారు. ఆ ఒక్క వాక్యం చదివి నేను చాలాసేపు కీబోర్డు మీద చేయి వేయలేకపోయాను.

మా మేనేజర్ గారు కేకలు వేయలేదు. తర్వాతి కాల్‌కు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "వాళ్లు చెప్పింది మీ మాటల్లో వాళ్లకే తిరిగి చెప్పండమ్మా, తప్పుంటే వాళ్లే దిద్దుతారు" అన్నారు. కాల్ మధ్యలో ఆయనే, "సో, యూ నీడ్ ద రిపోర్ట్ బిఫోర్ ద శాంపిల్?" అని నెమ్మదిగా అడిగారు. "నో, టుగెదర్ ఈజ్ ఫైన్" అని అవతలివారు వెంటనే సరిచేశారు. వారి గొంతులో విసుగు లేదు, పైగా ఊరట వినిపించింది. నా భయం సగం అక్కడే పోయింది.

తరువాత నేను గమనించినది, "పార్డన్" అంటే ఎంత వేగంగా చెప్పారో అంత వేగంగానే వాక్యమంతా మళ్లీ చెబుతారు. అందుకని అర్థమైనంతవరకు నేనే చెప్పి, వినబడని చోట ఆగడం మొదలుపెట్టాను. "మాయిశ్చర్ షుడ్ బి బిలో... బిలో వాట్?" అంటే ఆ ఒక్క అంకెను మాత్రమే స్పష్టంగా చెబుతారు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ అన్నవి ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. ఇక్కడ మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) లెక్కైతే కళ్లెదుటే ఉంటుంది, అక్కడ మాట టన్నులలో నడుస్తుంది కనుక, "వన్ ఫైవ్, ఆర్ ఫైవ్ జీరో?" అని అడగకుండా ఏ అంకెనూ రాసుకోను. ధర చెప్పినప్పుడు అది చెన్నైలో ఓడకెక్కించేవరకే లెక్కగట్టే ఎఫ్‌ఓబీ ధరా, ఓడ కిరాయి, బీమా కలిపి హాంబర్గ్ వరకు సీఐఎఫ్ ధరా అన్నది కూడా అప్పుడే తేల్చుకుంటాను.

మనం అలవాటుగా అనే "ఐ హావ్ ఎ డౌట్" అన్న మాటను పూర్తిగా వదిలేశాను. మన దృష్టిలో అది చిన్న ప్రశ్న, వారి చెవికి అది తమ మీద అనుమానంలా తోచవచ్చు. దాని బదులు "క్యాన్ ఐ చెక్ వన్ థింగ్?" అంటున్నాను.

ఇప్పుడు హాంబర్గ్ వారు కాల్ ముగించే ముందు తామే ఆగుతున్నారు. పరిమాణం, ధర, తేదీ వరుసగా చదివి, "ఈజ్ దట్ రైట్?" అని నేను అడిగి, వారు అవునన్న తరువాతే ఫోన్ పెట్టేస్తున్నాము.