ఎవరు వెళ్ళమన్నారు?

నాతో కచేరీల్లో వాయించే మృదంగం అన్నయ్య మీద కోపం ఇంకా తగ్గలేదు. పడుకుందామని లైటు ఆర్పి, మళ్ళీ వేసుకుని కూర్చున్నాను. ఆయన సంగతి మీకు తెలిసిందే. మనసులో ఏమీ దాచుకోరు, నోట్లో ఏమీ ఆపుకోరు. ఇన్నేళ్ళూ నాకు అది నచ్చుతూనే వచ్చింది. ఇవాళ నచ్చలేదు.

సాయంత్రం రిహార్సల్‌కి కూర్చున్నాం. నేను వయొలిన్ శ్రుతి చేసుకుంటున్నాను. ఆయన ఫోన్లో, ఒక సభలో తొక్కిసలాట జరిగి చంటిబిడ్డతో సహా కొందరు చనిపోయిన వార్త చూస్తున్నారు. నిన్నటి నుంచి అందరి ఫోన్లలోనూ అదే కదా. "ఎవరు వెళ్ళమన్నారు వీళ్ళని? అంత జనంలోకి చంటిపిల్లల్ని వేసుకుని పోతారా ఎవరైనా?" అన్నారు. అనేసి ఫోన్ పక్కన పెట్టి, "ఊఁ, కానివ్వమ్మా, వర్ణం ఎత్తుకో" అన్నారు, కచేరీలో మొదట వాయించేది అదే.

"పోయినవాళ్ళని అలా అనకండి అన్నయ్యా" అన్నాను. "లేనిదేమన్నాను?" అని ఆయన ముఖం ముడుచుకున్నారు. ఆ తర్వాత ఇద్దరం లెక్క తప్పకుండా వాయించాం, అంతే. ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. వయొలిన్, మృదంగం అలా మొహాలు తిప్పుకుని వాయిస్తే ఎలా ఉంటుందో కచేరీలు వినేవాళ్ళకి చెప్పక్కర్లేదు.

అదే మాట ఇంకెవరైనా అని ఉంటే ఇంతగా తగిలేది కాదేమో. ఒక కళాకారుడి నోట రావడమే నాకు మింగుడుపడటం లేదు. ఎవరు వెళ్ళమన్నారంటే, మనమే కదా! పోస్టర్ మీద ఫొటో వేయించుకునేది మనం. "తప్పక రండి, కుటుంబంతో రండి" అని వీడియో పెట్టేది మనం. హాలు నిండితే పొంగిపోతాం. వెనక నిలబడి కూడా విన్నారట అని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంటాం. జనం రావడం మీద బతికేవాళ్ళం, వచ్చి ప్రాణం పోగొట్టుకున్నవాళ్ళని ఎందుకొచ్చారని ఎలా అడుగుతాం?

1979 డిసెంబర్ 3న అమెరికాలోని సిన్సినాటిలో 'ద హూ' అనే రాక్ బృందం కచేరీ జరిగింది. చాలా టికెట్లకి సీటు నంబర్లు లేవు, ముందు వెళ్ళినవాళ్ళదే ముందు చోటు. తలుపులు కొన్నే తెరిచారు. లోపల నుంచి సంగీతం వినిపించేసరికి కచేరీ మొదలైపోయిందనుకుని వెనకవాళ్ళు ముందుకు కదిలారు. 11 మంది ఆ తలుపుల బయటే చనిపోయారు. అందరూ చిన్నవయసువాళ్ళు. లోపల బృందం కచేరీ మొత్తం వాయించింది. అయిపోయాక గాని వాళ్ళకి సంగతి చెప్పలేదు. ఆ ఊళ్ళో వాళ్ళు మళ్ళీ వాయించింది 2022లో. అప్పట్లో ఆ పిల్లలదే తప్పన్నట్టు ఎన్ని రాతలు వచ్చాయో!

ఒకరినొకరు తొక్కుకుని చచ్చిపోతారని అనుకుంటాం గాని, ఇలాంటి చోట్ల చాలామంది నిలబడే పోతారు. చదరపు మీటరు చోట్లో ఆరేడుగురికి మించి ఇరుక్కున్నాక ఎవరి కాళ్ళూ వాళ్ళ అదుపులో ఉండవు. వెనక నుంచి ఒత్తిడి పడుతూనే ఉంటుంది. ఛాతీ విచ్చుకోవడానికి చోటుండదు, ఊపిరి అందదు. వెనక ఉన్నవాళ్ళకి ముందు ఏమవుతోందో తెలియదు. అక్కడ తెలివైనవాడూ తెలివితక్కువవాడూ అని తేడా లేదు. తలుపులు ఎన్ని, దారి ఎంత వెడల్పు, లోపలికి ఎంతమందిని వదిలారు, ఎవరు లెక్కపెట్టారు అని అడగాలి గాని, తల్లి బిడ్డని ఎందుకు ఎత్తుకెళ్ళిందని కాదు. ఇదంతా రిహార్సల్లోనే చెబుదామనుకున్నాను. ఆయన వినే మూడ్‌లో లేరు. 

చెవి బాగున్నవాళ్ళ నోరు కూడా బాగుంటుందని లేదు. న్యూయార్క్ మీద ఉగ్రవాద దాడులు జరిగిన అయిదు రోజులకే, 2001 సెప్టెంబర్ 16న, జర్మనీకి చెందిన పెద్ద స్వరకర్త కార్ల్‌హైంజ్ స్టాక్‌హౌజెన్ హాంబర్గ్‌లో విలేకరుల ముందు ఆ దాడిని మహా కళాఖండంతో పోల్చి మాట్లాడారు. తన ఉద్దేశం అది కాదని తర్వాత చెప్పుకున్నారు. అక్కడ జరగాల్సిన ఆయన కచేరీలు రద్దయ్యాయి. అంత సంగీతం రాసిన మనిషికి, ఇంకా శిథిలాల కింద మనుషుల్ని వెతుకుతున్నారన్న స్పృహ ఎందుకు లేకపోయిందో నాకు అర్థం కాదు.

కచేరీల్లో ఘటం, అంటే మట్టికుండ వాద్యం, వాయించిన ఘటం బాబాయి గురించి ఇక్కడ చాలాసార్లు రాశాను. ఆయన పోయిన రోజు గురించి మాత్రం ఎప్పుడూ రాయలేదు. రాత్రి పది దాటాక కచేరీ ముగిసింది. పొద్దున్నే వేరే ఊళ్ళో పెళ్ళి కచేరీ. అక్కడ వాయించాల్సిన ఆయనకి జ్వరమొస్తే, పాడే ఆవిడ ఫోన్ చేసి బతిమాలుకుంది. బాబాయికి కాదనడం రాదు. తెల్లవారుజామున డ్రైవర్ కునుకు తీశాడు.

ఇంటి నిండా జనం. ముందు గదిలో ఎవరో గొంతు తగ్గించే అన్నారు, "డబ్బాశ కాకపోతే రాత్రికి రాత్రి ప్రయాణాలేమిటి?" అని. తగ్గిన గొంతు పిన్ని చెవిన పడనే పడింది. ఆ అన్నది ఎవరో కూడా ఆవిడకి తెలుసు. ఇన్నేళ్ళయింది. ఇప్పుడు వెళ్ళినా పిన్ని ఆ యాక్సిడెంట్ గురించి మాట్లాడదు. "నువ్వున్నావుగా ఆ రోజు, నువ్వు చెప్పమ్మా, ఆయన డబ్బు కోసం ఒప్పుకున్నారా?" అని అడుగుతుంది. కాదు పిన్నీ అంటాను. తల ఊపుతుంది. మళ్ళీ వెళ్ళినప్పుడు మళ్ళీ అడుగుతుంది.

ఒక్క మనిషి అన్న ఒక్క మాటకి ఇలా ఉంటే, ఒక దేశమంతా చదివే మాటకి ఎలా ఉంటుంది? 1989 ఏప్రిల్ 15న ఇంగ్లండ్‌లోని హిల్స్‌బరో స్టేడియంలో ఫుట్‌బాల్ చూడటానికి వెళ్ళి ఇలాగే నలిగి 97 మంది పోయారు. నాలుగు రోజులకి ఒక పత్రిక, అభిమానులే చనిపోయినవాళ్ళ జేబులు కొట్టారని రాసి, పైన 'నిజం' అని పెద్ద అక్షరాలతో అచ్చేసింది. అది అబద్ధం. అభిమానుల తప్పేమీ లేదని, వాళ్ళవి అన్యాయపు చావులని జ్యూరీ తేల్చింది 2016లో. 27 ఏళ్ళు! పోయిన పిల్లల కోసం ఏడవాల్సిన తల్లిదండ్రులు తప్పు ఆ పిల్లలది కాదని చెప్పడానికి అన్నేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగారు.

ఇలాంటప్పుడు అందరూ నోరు మూసుకుని ఉంటే చాలునని రాద్దామనే ఈ టపా మొదలుపెట్టాను. బాబాయి సంగతి రాశాక అది సరికాదనిపిస్తోంది. ఏం మాట్లాడాలో తెలియక ఆ రోజు గడప తొక్కని వాళ్ళు కూడా ఉన్నారు, పిన్ని వాళ్ళనీ మర్చిపోలేదు. నోరు మూసుకోవడం కూడా గాయం చేస్తుంది. ముందురోజు కచేరీలో పాడిన పెద్దాయన మాత్రం వచ్చి పిన్ని ముందు కింద కూర్చున్నారు. ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. "రాత్రి తనిలో ఖండ నడకలో ఒక ముక్క వేసి నా వైపు చూసి నవ్వాడమ్మా, నేను తాళం తప్పబోయాను" అన్నారు. (తని అంటే కచేరీలో తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, ఖండ నడక అంటే అయిదు లెక్కన సాగే నడక.) "ఏ ముక్క?" అంది పిన్ని. ఆయన మోకాలి మీద తాళం వేసుకుంటూ ఆ జతులు నోటితో చెప్పారు. పిన్ని తనూ తాళం వేసింది, చివరి దెబ్బ దాకా.

ఇంకొకటి కూడా రాయాలి, రాయకపోతే అన్యాయం. ఆ రోజు ఆస్పత్రి దగ్గర, పోస్టుమార్టం అయ్యేదాకా, నీళ్ళు కూడా తాగకుండా నిలబడింది ఈ మృదంగం అన్నయ్యే. ఆయన కూతురు ఇప్పుడు కాలేజీలో ఉంది. ఎక్కడ ఏ సభ జరిగినా వెళ్తుంది. "వెళ్ళినవాళ్ళదే తప్పు" అనుకుంటే తన పిల్లకి ఏమీ కాదన్న ధైర్యం ఆయనకి దొరుకుతుందేమో. భయంతో అన్న మాటని దుర్మార్గం కింద జమ కట్టలేను. అలాగని, పోయిన ఆ బిడ్డ తల్లి వింటే ఆవిడకి ఈ వివరాలన్నీ తెలియవు కదా. ఆవిడకి మాటే వినిపిస్తుంది. ఇక్కడ నా కోపం మళ్ళీ మొదటికే వస్తోంది.

రేపటి కచేరీ నిర్వాహకులు ముందు ఒక నిమిషం మౌనం పాటిద్దాం, తర్వాత ఏదైనా విషాదంగా వాయించండి అన్నారు. మౌనానికి సరేనన్నాను. ఏడిపించడానికి వాయించనని, అనుకున్న వర్ణంతోనే మొదలుపెడతానని చెప్పాను. నడవాలో అదనపు కుర్చీలు వేయొద్దని, పక్క తలుపులకి గొళ్ళెం పెట్టొద్దని ఇందాకే మెసేజ్ పెట్టాను. "చిన్న హాలే కదమ్మా" అని జవాబిచ్చారు. చిన్నదే, అయినా తీసి ఉంచండి అన్నాను.

అన్నయ్యతో రేపు కారులోనే మాట్లాడతాను. కోపం తగ్గేదాకా ఆగితే ఇక ఎప్పటికీ మాట్లాడను, నా సంగతి నాకు తెలుసు.