‘ఇఫ్’ తర్వాత ఏ వెర్బ్? – నా అనుభవం

ఇంగ్లిష్ పరీక్షకి ప్రిపేర్ అవుతున్నప్పుడు నాకు బాగా టెన్షన్ పెట్టినవి ఊహించి చెప్పాల్సిన ప్రశ్నలు. ‘ఏడాది పాటు సెలవు దొరికితే ఏం చేస్తారు?’ లాంటివి. ఏం చేస్తానో చెప్పడానికి బోలెడుంది. కానీ ‘ఇఫ్ ఐ’ అన్నాక హ్యావ్ అనాలా, హ్యాడ్ అనాలా, వుడ్ హ్యావ్ అనాలా అని అక్కడే ఆగిపోయేదాన్ని. రాసేటప్పుడైతే కాస్త ఆలోచించుకునే వీలుంటుంది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్లు మన నోటివంకే చూస్తూ కూర్చుంటారు.

మొదట అందరిలాగే నేనూ పట్టిక పట్టుకున్నాను. ఇఫ్ వాక్యాలని అందులో నాలుగు రకాలుగా విడగొడతారు: జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ కండిషనల్. వీ1, వీ2, వీ3 అంటే గో, వెంట్, గాన్ లాంటి మూడు క్రియారూపాలు. సెకండ్ అయితే ఇఫ్ పక్కన వీ2, రెండో ముక్కలో వుడ్, వీ1. థర్డ్ అయితే హ్యాడ్, వీ3, ఆ తర్వాత వుడ్ హ్యావ్, మళ్లీ వీ3. ఖాళీలు పూరించమంటే ఈ పట్టిక బాగానే పనికొచ్చింది. మాట్లాడేటప్పుడు మాత్రం ఇది ఏ నంబరో తేల్చుకునేలోపు మాట దాటిపోయేది. పైగా చదువుతున్న ఇంగ్లిష్‌లో ఆ నాలుగు గళ్లలో ఇమడని వాక్యాలు చాలా కనిపించాయి. ‘ఇఫ్ షి లెఫ్ట్ ఎట్ సిక్స్, షి మస్ట్ బి హోమ్ నౌ.’ ఆమె ఆరింటికి బయల్దేరి ఉంటే ఈపాటికి ఇంటికి చేరి ఉండాలి. ఇఫ్ ఉంది, వీ2 ఉంది, కానీ ఇది సెకండ్ కండిషనల్ కాదు. ఆమె నిజంగానే బయల్దేరి ఉండవచ్చు. ‘ఇఫ్ షి లెఫ్ట్ టుమారో, వి వుడ్ మిస్ హర్’ అన్నప్పుడు అదే లెఫ్ట్ రేపటి ఊహ అయిపోతుంది. రేపటి సంగతికి పాస్ట్ టెన్స్ ఎందుకు? నాకు అసలు మింగుడుపడనిది ఇదే. పట్టిక చెప్పదు కదా.

దారి దొరికింది తెలుగులోనే. ఒకరోజు నా వాక్యాలన్నీ ముందు తెలుగులో రాసుకుని చూశాను. ‘టైమ్ ఉంటే సాయం చేస్తాను’, ‘టైమ్ ఉంటే సాయం చేసేదాన్ని’. మొదటిదాంట్లో టైమ్ దొరకవచ్చు, దొరక్కపోవచ్చు. రెండోదాంట్లో టైమ్ లేదని వినగానే తెలిసిపోతుంది. కానీ రెండిట్లోనూ ‘ఉంటే’ ఒక్కటే. మన వ్యాకరణంలో చేదర్థకం అనే ఈ రూపానికి కాలం అంటదు. భారమంతా చివరి క్రియ మోస్తుంది. ఇంగ్లిష్‌లో అలా కుదరదు, రెండు ముక్కల్లోనూ గుర్తు పెట్టాలి. ‘ఇఫ్ ఐ హ్యావ్ టైమ్, ఐ విల్ హెల్ప్ యు’, ‘ఇఫ్ ఐ హ్యాడ్ టైమ్, ఐ వుడ్ హెల్ప్ యు’. నేను ఇఫ్ దగ్గరే ఎందుకు తడబడుతున్నానో అప్పుడు అర్థమైంది. అక్కడ ఏదో ఒకటి ఎంచుకోవాల్సిన అవసరం నా భాషలో నాకెప్పుడూ రాలేదు.

ఇంకో సంగతి కూడా కనిపించింది, నాకు భలే నచ్చింది. ఆ ‘చేసేదాన్ని’ ఇంకెక్కడ వాడతాం? ‘చిన్నప్పుడు రోజూ అమ్మకి సాయం చేసేదాన్ని’ అంటాం. అంటే జరగని దాన్ని చెప్పడానికి మనమూ గడిచిన కాలపు క్రియనే వాడుకుంటున్నామన్నమాట! ఇంగ్లిష్ వుడ్ కూడా సరిగ్గా ఇలాగే రెండు పనులూ చేస్తుంది. ‘వెన్ ఐ వాజ్ ఎ చైల్డ్, ఐ వుడ్ హెల్ప్ మై మదర్ ఎవ్రీ డే’ అంటే పాత అలవాటు. ఇఫ్ వాక్యంలో పడితే ఊహ. ఇది చూశాక ఇంగ్లిష్ మీద ఉన్న కోపం సగం తగ్గింది.

వ్యాకరణవేత్తలు దీన్ని దూరంతో వివరిస్తారు. రోడ్నీ హడిల్‌స్టన్, జెఫ్రీ పుల్లమ్ 2002లో తెచ్చిన పెద్ద ఇంగ్లిష్ వ్యాకరణంలో పాస్ట్ రూపానికి కాలంలో వెనక్కి వెళ్లడం ఒక పని, వాస్తవానికి ఎడంగా నిలబడడం ఇంకో పని. మర్యాదలోనూ ఈ ఎడం ఉంటుందని నాకనిపిస్తుంది. ఇప్పుడే అడగబోతూ కూడా ‘ఐ వాంటెడ్ టు ఆస్క్ యు సంథింగ్’ అంటారు కదా, అది కొంచెం దూరం జరిగి అడగడమే.

ఆ తర్వాత నంబర్లు పక్కన పెట్టేశాను. వాక్యం మొదలుపెట్టే ముందు రెండే ప్రశ్నలు వేసుకునేదాన్ని. ఇది జరిగే వీలున్నదా, ఊరికే అనుకుంటున్నదా? ఊహే అయితే, ఇప్పటిదా, అయిపోయినదా? ఇప్పటిదో ముందు ముందుదో అయితే ఒక మెట్టు వెనక్కి, హ్యావ్ కాస్తా హ్యాడ్. అయిపోయినదైతే ఇంకో మెట్టు వెనక్కి, హ్యాడ్ హ్యాడ్. రెండో ప్రశ్న దగ్గర తెలుగు మనకి సాయపడదు. ‘టైమ్ ఉంటే సాయం చేసేదాన్ని’ అన్నది ఇవాళ్టి మాటా, పోయిన వారం మాటా? సందర్భం చూసుకోవాల్సిందే. ‘టైమ్ ఉండి ఉంటే’ అని విడమరిచి చెప్పవచ్చు, కానీ మాటల్లో మనకి అంత అవసరం పడదు. ఇంగ్లిష్ మాత్రం తేల్చి చెప్పమంటుంది.

ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఏమిటంటే రెండు ముక్కలకీ విడివిడిగా ప్రశ్న వేసుకోవచ్చు. ‘ఇఫ్ ఐ హ్యాడ్ టేకెన్ ద జాబ్, ఐ వుడ్ బి ఇన్ లండన్ నౌ.’ ఉద్యోగం ఒప్పుకోకపోవడం అప్పటిది, లండన్‌లో లేకపోవడం ఇప్పటిది. దీనికి మిక్స్‌డ్ కండిషనల్ అని మళ్లీ ఒక పేరు, మళ్లీ ఒక గడి. అక్కర్లేదనిపించింది.

అసలు కష్టం చెవికి. ఫోన్‌లో ఇంటర్వ్యూలు వింటుంటే వుడ్, హ్యాడ్ రెండూ నలిగి ఒక్క ‘డ్’ శబ్దంగా మిగిలేవి. ‘ఇఫ్ ఐడ్ నోన్, ఐడ్ హ్యావ్ కాల్డ్ యు’ అన్నదాంట్లో మొదటి ఐడ్ ఐ హ్యాడ్, రెండోది ఐ వుడ్. తేడా పట్టించేది పక్కన ఉన్న క్రియ. ఐడ్ తర్వాత గో వస్తే వుడ్, గాన్ వస్తే హ్యాడ్. ‘ఐడ్ బెటర్ గో’ ఒక్కటి మోసం చేస్తుంది, అక్కడ ఉన్నది హ్యాడ్. వుడ్ హ్యావ్‌ని ‘వుడవ్’ అని పలకడం వల్ల ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లే కొందరు హ్యావ్ బదులు ఆఫ్ (of) అని రాసేస్తారు. నాకు కొంచెం ధైర్యం వచ్చిన సమాచారం ఇది.

ఇఫ్ ముక్కలో వుడ్ పెట్టకూడదు అన్న నియమాన్ని చాలాకాలం గట్టిగా పట్టుకున్నాను. చాలావరకు నిజమే. కానీ ‘ఇఫ్ యు వుడ్ వెయిట్ ఎ మినిట్’ అంటే కాస్త ఆగుతారా అని మర్యాదగా అడగడం. అక్కడ వుడ్ పూర్తిగా సరైనదే. ‘ఇఫ్ ఐ వుడ్ హ్యావ్ నోన్’ అని అమెరికన్ల మాటల్లో వినబడుతుంది. వినండి, పరీక్షలో రాయకండి.

ఇక వాజ్, వర్ గొడవ. పాత ఇంగ్లిష్‌లో ఊహకి క్రియలకి వేరే రూపాలుండేవి. అవి అరిగిపోయి, ఈ తేడా ఇప్పుడు బి క్రియలో మాత్రమే కంటికి కనిపిస్తుంది, ఐ, హి, షి, ఇట్ పక్కన వాజ్ ఉండాల్సిన చోట వర్‌గా. ‘ఇఫ్ ఐ వర్ యు’ అన్నది ఆ పాత సరుకే. మాటల్లో వాజ్ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. రాతలో వర్ అయితే బెంగ ఉండదు. అలాగని ఇఫ్ కనబడ్డ ప్రతిచోటా వర్ తగిలిస్తే చిక్కే. ‘ఇఫ్ ఐ వాజ్ రూడ్ యెస్టర్డే, ఐ యామ్ సారీ.’ నిన్న నేను దురుసుగా మాట్లాడి ఉండవచ్చు కాబట్టి ఇది ఊహ కాదు, వాజే ఉండాలి.

విష్ దగ్గరికి వచ్చేసరికి పెద్దగా కష్టపడలేదు. ‘ఐ విష్ ఐ హ్యాడ్ మోర్ టైమ్’ ఇప్పటిది, ‘ఐ విష్ ఐ హ్యాడ్ కాల్డ్ హర్’ అయిపోయినది. అవే రెండు మెట్లు.

పరీక్షలో ఊహ ప్రశ్న రానే వచ్చింది. చదువుకున్న స్కూల్లో ఏదైనా మార్చగలిగితే ఏం మారుస్తారని. ‘ఇఫ్ ఐ కుడ్ చేంజ్ వన్ థింగ్’ అని మొదలుపెట్టాక మిగతాది నడిచిపోయింది. మధ్యలో ఒకచోట ‘వుడ్’ అనబోయి ‘విల్’ అన్నట్టు గుర్తు, ఆగకుండా ముందుకెళ్లిపోయాను.

ఈ దూరం లెక్కకి అందనిది ఒకటి మిగిలింది. ‘ద డాక్టర్ సజెస్టెడ్ దట్ హి టేక్ రెస్ట్.’ హి పక్కన టేక్స్ కాదు, టుక్ కాదు, ఉత్త టేక్. ఇక్కడ మెట్లేమీ లేవు, సలహా, డిమాండ్ లాంటి మాటల తర్వాత క్రియని అలా వదిలేస్తారంతే. అమెరికన్ ఇంగ్లిష్‌లో ఇది మామూలు. బ్రిటిష్ వాళ్లు ఎక్కువగా షుడ్ టేక్ అంటారు. నేనూ షుడ్ పెట్టే రాస్తున్నాను, అది ఎక్కడైనా చెల్లుతుంది.