స్ట్రక్ కాదు, స్టక్: ఓఈటీకి చదివిన రోజుల్లో నా అనుభవం

నర్సుగా పన్నెండేళ్ళ సర్వీసు నాది. యూకే వెళ్దామని ఓఈటీకి, అంటే వైద్యరంగంలో పనిచేసేవాళ్ళకు పెట్టే ఇంగ్లిష్ పరీక్షకు కూర్చున్నప్పుడు నా టెన్షన్ అంతా స్పీకింగ్ గురించే. తీరా చూస్తే దెబ్బ తిన్నది రాతలో.

రాత పరీక్షలో ఒక పేషెంట్ కేస్ నోట్స్ ఇస్తారు. ఐదు నిమిషాలు చదువుకుని, 40 నిమిషాల్లో ఉత్తరం రాయాలి, ఎక్కువగా రెఫరల్ లెటరే, అంటే పేషెంట్‌ను ఇంకొకరి దగ్గరికి పంపుతూ రాసేది. యూకేలో నర్సులకు రాతలో సీ ప్లస్, మిగతా మూడింటిలో (వినడం, చదవడం, మాట్లాడడం) బీ కావాలి. మొదటిసారి నాకు రాతలో సీ దగ్గరే ఆగిపోయింది. దాంతో కోచింగ్‌లో చేరాను. నైట్ డ్యూటీ దిగి, ఇంటికెళ్ళి స్నానం చేసి, ఇంత తిని పదింటికల్లా క్లాసులో ఉండేదాన్ని.

అక్కడ రాసిన మొదటి ఉత్తరం ఒక ఫ్యాక్టరీ కార్మికుడి గురించి. ‘హిజ్ రైట్ హ్యాండ్ వాస్ స్ట్రక్ ఇన్ ద మెషిన్’ అని రాశాను. మేడమ్ ఎర్ర పెన్నుతో ఒక్క ‘ఆర్’ అక్షరం చుట్టూ సున్నా చుట్టారు.

“ఏమ్మా, ఈయన చెయ్యి మిషన్‌లో ఇరుక్కుందా, మిషన్ చేతికి కొట్టుకుందా?”

“ఇరుక్కుంది మేడమ్.”

“నువ్వు రాసింది మాత్రం దెబ్బ తగిలిందని.”

నాకు నోట మాట రాలేదు. ఇరుక్కుని నలిగిన చేతికి పైన గాయం చిన్నదే కనబడినా లోపల వాపు పెరుగుతుంది. వేళ్ళ రంగు, స్పర్శ, కదలిక మళ్ళీ మళ్ళీ చూస్తూనే ఉండాలి. ఉత్తరం చదివే డాక్టరుకు మొదట తెలియాల్సింది అదే. నేను దాన్నే మార్చి రాశాను. మన దగ్గర ‘ట్రాఫిక్‌లో స్ట్రక్ అయిపోయా’ అనని వాళ్ళు తక్కువ. నేనూ చిన్నప్పటి నుంచీ అలాగే వింటూ, అలాగే అంటూ వచ్చాను.

ఆ రాత్రి డ్యూటీలో మూడింటప్పుడు వాడేసిన సూదులు పడేసే తెల్ల డబ్బా దగ్గర నిలబడ్డాను. దాని పైన గోడకు ఏళ్ళ తరబడి ఉన్న చార్టు: నీడిల్ స్టిక్ ఇంజురీ అయితే ఏం చెయ్యాలి అని. స్టిక్! సూది గుచ్చుకోవడం. పాత ఇంగ్లిష్‌లో ఆ క్రియకు అర్థం పొడవడం, గుచ్చడం, గుచ్చుకుని అక్కడే ఉండిపోవడం. అతుక్కోవడం కూడా అదే మాట, మనం పెట్టుకునే స్టిక్కర్ బొట్టు అందులోంచి వచ్చిందే. దాని భూతకాలం స్టక్. గుచ్చుకున్నా, అతుక్కున్నా, ఇరుక్కున్నా ఇక కదలదు.

మరి స్ట్రక్? అది స్ట్రైక్ నుంచి వచ్చింది, కొట్టడం. పక్షవాతాన్ని స్ట్రోక్ అంటామే, అదీ ఆ కుటుంబంలోదే. మూలంలో దెబ్బ అనే అర్థం. అప్పటి నుంచి నా గుర్తు ఇదే: స్ట్రోక్‌లో ర వత్తు ఉంది, స్ట్రక్‌లోనూ ఉంది, రెండూ దెబ్బలే. స్టిక్కర్‌లో లేదు, స్టక్‌లోనూ లేదు.

‘స్టక్ అప్’ మాటా ఆ వారంలోనే తెలిసింది. మీటింగ్‌లో స్టక్ అప్ అయ్యానంటాం. ఇంగ్లిష్ వాళ్ళకు స్టక్ అప్ అంటే పొగరుబోతు. ఆ ‘అప్’ తీసేస్తే సరిపోతుంది. ఇరుక్కుని ఉన్నాను అనాలంటే ‘ఐ యామ్ స్టక్’, ఇరుక్కుపోయాను అని జరిగింది చెప్పాలంటే ‘ఐ గాట్ స్టక్’.

ఇంతకన్నా ఎక్కువ కష్టపడింది స్పీకింగ్ ప్రాక్టీసులో. కదలనిదల్లా స్టక్ అనెయ్యకూడదు. మన పేషెంట్లు ఎంత కచ్చితంగా చెప్తారో అప్పుడు గమనించాను. పొద్దున లేచేసరికి మెడ పట్టేసిందమ్మా అంటే స్టిఫ్. కాలు తిమ్మిరెక్కిందంటే నంబ్. చెయ్యి పడిపోయిందంటే పారలైజ్డ్, అది విన్న వెంటనే పరిగెత్తాలి. మోకాలు మడిస్తే మళ్ళీ చాపలేకపోతున్నాను, మధ్యలో పట్టుకుంటోంది అంటే లాక్ అవుతోందని. గొంతులో చేప ముల్లు ఇరుక్కుంది అన్నప్పుడే స్టక్. ఒక నోట్‌బుక్ కొని, వార్డులో విన్న ప్రతి తెలుగు మాట ఎడమవైపు, దాని ఇంగ్లిష్ కుడివైపు రాసుకున్నాను. రెండు నెలల్లో నలభై పేజీలు నిండాయి. కోచింగ్ మెటీరియల్ కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది ఆ నోట్‌బుక్కే. తెలుగులో బాధ సరిగ్గా వినగలిగిన నర్సుకు ఇంగ్లిష్ మాట దొరక్కపోదని నా గట్టి నమ్మకం.

రెండోసారి రాతలో బీ వచ్చింది. ఆ రోజు ఉత్తరంలో స్టక్ రాసే అవసరమే పడలేదు. రిజల్ట్ వచ్చిన రోజు సాయంత్రం డ్యూటీకి వెళ్తుంటే బస్సు ఆగిపోయింది. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు మెసేజ్ పెట్టాను: ‘స్టక్ ఎట్ ఎర్రగడ్డ, సిస్టర్. ట్వెంటీ మినిట్స్.’ పంపేముందు ఒక్కో అక్షరం చూసుకున్నాను.